కోదండం పళ్లెం

నవంబరు 3

ఈ నోటుపుస్తకం గాలిమర మీద నా జతమనిషి కోదండం అన్నది. ముందు సగంలో ఆటుపోట్ల వేళలు రాసుకున్నాడు, వెనక సగం ఖాళీగా వదిలేశాడు. మర పుస్తకంలో ఏం రాసినా సాయంత్రానికల్లా ఒడ్డుకు తెలిసిపోతుంది. ఒడ్డుకు తెలియకూడనివి ఇక్కడ రాసుకుంటాను.

గాలి ఈశాన్యం, ఓ మోస్తరు. పొద్దున కడిగే యంత్రాన్ని పైకి పంపి రెక్కలకు పట్టిన ఉప్పు వదిలించాను. మధ్యాహ్నానికి మళ్లీ పట్టింది. ఒడ్డుకు నలభై కిలోమీటర్ల దూరాన నడిసముద్రంలో గాలిమర నాటి, దానికి ఉప్పు పట్టకుండా చూడమని ఇద్దరు మనుషుల్ని పెట్టారు. పంతొమ్మిదేళ్లుగా ఉప్పే గెలుస్తోంది.

మేస్త్రికి బాగోలేదు. మేస్త్రి మా పిల్లి. మొదట్లో బియ్యం బస్తాల వెంట ఎలుకలు కూడా మర ఎక్కేవని ఒడ్డువాళ్లు మరకో పిల్లినిచ్చారు. ఇప్పుడు బస్తాలూ లేవు, ఎలుకలూ లేవు. డ్రోను తెచ్చిన డబ్బాలు బిగిస్తే వంటపెట్టె తనే వండి, పూటకు రెండు పళ్లేలు బయటికి తోస్తుంది. పిల్లి మాత్రం మిగిలిపోయింది. నేను పనిచేస్తుంటే ఎత్తున కూర్చుని చూస్తాడు, ఒక్క పనీ నచ్చినట్టు ముఖం పెట్టడు. అందుకే అన్న వాడికా పేరు పెట్టాడు. పదిహేనేళ్లుంటాయి.

నాలుగు రోజులుగా నీళ్లగిన్నె వదలడం లేదు. తాగి లేస్తాడు, పది అడుగులు వేస్తాడు, మళ్లీ వెనక్కొస్తాడు. వాడి ఇసుకతొట్టి పొద్దుటికి ముద్దగా ఉంటోంది. తిండి వాసన చూసి పెదాలు నాక్కుంటాడు, తినడు. ఇవాళ పసుప్పచ్చటి నురగ కక్కాడు. నడుం మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి. ఎప్పుడింత చిక్కిపోయాడో నేను చూసుకోలేదు.

నవంబరు 4

ఆరింటికి, ఒడ్డువాళ్లు మాటల యంత్రం బిగించిన గోడ అడిగింది. "ఇద్దరూ ఉన్నారా?" ఉన్నామని మీట నొక్కాను.

అబద్ధం. కోదండం అన్న పోయి పద్నాలుగు నెలలైంది. పోయిన ఏడాది సెప్టెంబరు తుపానులో టీ తాగుతూ తాగుతూ గ్లాసు బల్ల మీద పెట్టాడు, తల దాని పక్కన పెట్టాడు. అంతే. గోడ మూగబోయింది, పడవ వచ్చే దారి లేదు. మూడో రోజు నేనే ఆయన్ను దుప్పటిలో చుట్టి సముద్రానికిచ్చాను. పదో రోజు గోడకు మాటొచ్చింది. రాగానే అది అడిగింది ఇదే, ఇద్దరూ ఉన్నారా అని.

జతమనిషి పోతే పేరు కొట్టేసే ఎర్ర మీట వేరే ఉంది. మిగిలిన మనిషే నొక్కాలి. నొక్కుదామనే లేచాను. ఈలోగా వంటపెట్టె రెండు పళ్లేలూ తోసింది. అన్న పళ్లెంలో ఆయనకిష్టమైన ఎండు నెత్తళ్ల కూర పొగలు కక్కుతోంది. మేస్త్రి ఆయన కుర్చీ ఎక్కి తినడం మొదలుపెట్టాడు. ఆ కుర్చీలో ఎవరో ఒకరు తింటున్నారు కదా అనిపించింది. ఉన్నామని నొక్కేశాను. తరువాత రోజూ అదే.

అన్నకు వెనకా ముందూ ఎవరూ లేరు. నాకూ లేరు. ఇది ఎవరికీ నష్టం చేసే అబద్ధం కాదనుకున్నాను.

నవంబరు 5

మందుల పెట్టె ముందు మేస్త్రిని ఒళ్లో పెట్టుకుని చెవి అంచున సూదితో గుచ్చాను. దానికి ఒక చుక్క చాలు. చుక్క అందుకుని, "దయచేసి రోగి పేరు ఎంచుకోండి" అంది. తెర మీద రెండే పేర్లు. మజ్జి సన్యాసమ్మ, అంటే నేను. బడే కోదండం. పిల్లి అని ఎక్కడా లేదు.

అన్న పేరు నొక్కాను. రక్తం తీరు అసాధారణంగా ఉంది, మళ్లీ ఇవ్వమంది. ఇచ్చాను. మళ్లీ అదే పాట. మూడోసారికి మేస్త్రి నా ముంజేయి గీరేశాడు. నాలుగోసారి పెట్టె ఒప్పేసుకుంది.

"కోదండం గారూ, మీ రెండు మూత్రపిండాలూ బాగా దెబ్బతిన్నాయి. దయచేసి ధైర్యంగా ఉండండి."

మేస్త్రి ఆవులించాడు.

నవ్వొచ్చింది. ఆ నవ్వు కింది వరసలు చదివేదాకే. జబ్బుకు కారణాలు రాసి ఉన్నాయి. రెండో వరసలో, దీర్ఘకాలం మితిమీరిన ఉప్పు. పద్నాలుగు నెలలు వాడు తిన్నది అన్న పళ్లెం. రోజూ ఎండు నెత్తళ్లు, రోజూ ఉప్పుచేప. మనిషి నోటికి సరిపోయే ఉప్పు ఆ చిన్న ప్రాణానికి రెండు పూటలా పెట్టాను. ఎర్ర మీట నొక్కి ఉంటే ఆ పళ్లెం వచ్చేదే కాదు. నష్టం లేని అబద్ధం అని నిన్ననే రాశాను. దాన్ని కొట్టెయ్యను, అలాగే ఉండనీ.

నవంబరు 7

అడగకుండానే అన్న పళ్లెం మారిపోయింది. ఉప్పు లేని పొట్లకాయ, మెత్తటి అన్నం, తెల్లసొన ముద్ద. భాస్వరం తక్కువ, మాంసం తక్కువ అని పక్కన చీటీ. డ్రోను ఒక అట్టపెట్టె నిండా సెలైను సంచులు దింపి పోయింది.

మేస్త్రి పళ్లెం వాసన చూశాడు. చూసి, ముందుకాలితో చుట్టూ నేల గోకాడు, ఇసుకతొట్టిలో తన పని అయ్యాక పూడ్చినట్టే. నేను వండింది కాకపోయినా నాకు కోపం వచ్చింది.

సెలైను ఎక్కించడం మా అమ్మ దగ్గర చూశాను. పశువుల ఆసుపత్రిలో ఆయాగా చేసేది. నరం దొరకని దూడలకు మెడ దగ్గర చర్మం గుడారంలా ఎత్తిపట్టి, దాని కిందికి పోనిచ్చేవాళ్లు. సంచిని గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, అన్నిటికన్నా సన్నసూది తీసుకుని, వాణ్ణి అన్న మంచం మీద పడుకోబెట్టి గుచ్చాను. వాడు అరవలేదు. వంద మిల్లీలీటర్లు పోయాక భుజం దగ్గర చిన్న మూపురం లేచింది. గంటలో అది ఒంట్లోకి ఇంకిపోయింది. సాయంత్రం లేచి రెండు చెంచాలు తిన్నాడు, అదీ నేను వేలితో పెదవికి రాస్తే.

నవంబరు 9

రాత్రి తొమ్మిదింటికి గోడలోంచి మనిషి గొంతు వచ్చింది. ఉలిక్కిపడ్డాను. ఒడ్డుకూ మాకూ మధ్య ఇప్పుడు మర అంకెలు నడుస్తాయి గాని మాటలు నడవవు. అన్న ఉన్నప్పుడు ఆయనే ఒడ్డుతో ఏదో ఒకటి మాట్లాడేవాడు.

"నాను తవిటేశ్వరిని, ఒడ్డు ఆసుపత్రి నర్సుని. మీ జతమనిషి పేషెంటయ్యారు కదా, రోజూ కనుక్కోమన్నారు. ఎలాగున్నాడు పిన్నీ?"

చిన్న వయసు గొంతు. నా గొంతు నాకే బొంగురుగా వినబడింది.

"ఉన్నాడు. నీల్లు తెగ తాగుతన్నాడు."

"ఏటి తిన్నాడు?"

"రెండు చెంచాలు."

"రెండు చెంచాలేనా? మనిషి కదా."

"ముసలోడమ్మా. తిండి చూస్తే పెదాలు నాక్కుంటన్నాడు."

"మాటాడతన్నాడా?"

"ముందునుంచీ తక్కువే మాటాడతాడు."

"సెలైను ఎంతెక్కించావు?"

"వంద."

"నరానికా?"

"మెడ ఎనక. చర్మం కింద."

కాసేపు గోడలో చప్పుడు లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"మంచిది పిన్నీ. రోజూ అంతే ఎక్కించు. వెచ్చజేసి ఎక్కించు, సల్లగుంటే జడుసుకుంటాడు. తిండి కూడా వెచ్చగుండాల, వాసన తగిల్తేనే తింతారు. రేపు మల్లీ అడుగుతాను."

బతికిపోయాను అనుకున్నాను. పిల్ల బొత్తిగా అమాయకురాలిలా ఉంది.

నవంబరు 16

తెలిసినవి రాసి పెట్టుకుంటున్నాను. పొట్లకాయ తీసి సముద్రంలో పారెయ్యాలి. అన్నం, తెల్లసొన కలిపి మెత్తగా మెదపాలి. గాలానికి పడిన చేపను ముల్లు తీసి ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, గోరంత చేప పైన పెట్టాలి. గోరంతే. గిన్నెను అరచేతుల్లో పట్టుకుని వెచ్చదనం చూసుకోవాలి. పెట్టి, అటు తిరిగి వేరే పనిలో ఉన్నట్టు నటించాలి. చూస్తుంటే తినడు. అయిదారు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. నీళ్లగిన్నెలు గదికొకటి.

నా పళ్లెంతో వేరే తంటా వచ్చింది. మామూలు కూర వాసనకు ఎక్కడున్నా లేచి వస్తున్నాడు, నా మోకాలి మీద కాలు పెట్టి ముఖంలోకి చూస్తున్నాడు. పెట్టలేను. వాడి ఎదుట తినలేను. అందుకని నా పళ్లెం పట్టుకుని బయట ఇనపమెట్ల మీద కూర్చుని తింటున్నాను, ఆవకాయ డబ్బా చంకలో పెట్టుకుని. గాలికి అన్నం మెతుకులు ఎగిరిపోతున్నాయి. తలుపు లోపల వాడు ఒంటరిగా తినకుండా కూర్చుంటాడు, బయట నేను ఒంటరిగా తిని వస్తాను. ఇన్నాళ్లూ అన్న కుర్చీలో వాడు, నా కుర్చీలో నేను కూర్చుని తిన్న పూటలు ఎంత బాగుండేవో ఇప్పుడు తెలుస్తోంది.

నవంబరు 24

తవిటేశ్వరి రోజూ తొమ్మిదికి పిలుస్తోంది. ఎనిమిదిన్నరకే పని చాలించి గోడ దగ్గర స్టూలు వేసుకుంటున్నాను. ఇవాళ జల్లుల వల్ల లైను దొరక్క తొమ్మిదింపావుకు వచ్చింది. ఆ పావుగంటా నేను తాళం చెవులు తుడుస్తూ కూర్చున్నాను.

"ఎండలో కూకోబెడతన్నావా పిన్నీ?"

"రెయిలింగు కాడ కూకుంటన్నాడు. నిన్న సముద్రం కాకిని తిట్టాడు."

"తిట్టాడా. అయితే బాగున్నాడు."

ఇవాళ సగం గిన్నె తిన్నాడు. ఒళ్లు నాక్కున్నాడు, పదిహేను రోజుల తరువాత. మర పుస్తకంలో "అంతా సవ్యం" అని రాసి, అది నిజమైన రోజు కాబట్టి కింద ఒక గీత గీశాను.

నవంబరు 27

గోడ పొద్దున్నే చదివింది. "మూత్రపిండాల రోగులను మర మీద ఉంచరాదు. బడే కోదండం గారిని తీసుకువెళ్లడానికి డిసెంబరు ఇరవై రెండున పడవ వస్తుంది. సామాను సిద్ధం చేయండి."

గోడకేసి చాలాసేపు చూశాను. ఎర్ర మీట నొక్కితే పడవ ఆగుతుంది. దాంతోపాటు రెండో పళ్లెం ఆ పూటే ఆగుతుంది, సెలైనూ ఆగుతుంది. డ్రోను తెచ్చిన సంచులు చూసుకుంటే వారానికి మించి రావు. నొక్కకపోతే పడవ వస్తుంది, మనిషి ఏడని అడుగుతారు. ఎటు తిరిగినా మేస్త్రి ముందు గిన్నె ఖాళీ.

తొమ్మిదింటికి తవిటేశ్వరి పిలిచి పడవ సంగతి ఎత్తింది.

"నానే వత్తన్నాను పిన్నీ."

"రావద్దమ్మా. ఆడికి నయమైపోయింది."

"ఇది నయమయ్యేది కాదు కదా."

లైను తెగినట్టు మీట ఆపేశాను.

డిసెంబరు 8

పది రోజులుగా తవిటేశ్వరికి జవాబివ్వలేదు. తొమ్మిదింటికి గోడ మోగుతుంది, చెవులు మూసుకోకుండానే విననట్టు ఊరుకుంటున్నాను. అంకెలు పంపుతున్నాను కాబట్టి చచ్చానని అనుకోరు.

మేస్త్రి వెనక్కి జారుతున్నాడు. కుర్చీ ఎక్కలేక మధ్యలో ఆగి, ఎక్కాలనే అనుకోలేదన్నట్టు పక్కకు చూశాడు. నేను ఎత్తి కూర్చోబెట్టాను. నోరు వాసన వస్తోంది. రోజుకు మూడు చెంచాలు, కొన్నాళ్లు రెండు. అయినా ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి నా కాలికి వీపు ఆనించి పడుకుంటాడు. నాకు వీడు తప్ప ఎవరూ లేరు. ఈ మాట ఇంతకు ముందు రాయలేదు, రాశాక చూస్తే కొత్తగా ఏమీ లేదు.

డిసెంబరు 22

పడవ పదకొండింటికి వచ్చింది. నడిపేవాడు కిందే ఉండిపోయాడు. తవిటేశ్వరి తాడుతో లాగే బుట్టలో పైకి వచ్చింది. ముప్ఫైలోపు పిల్ల, సముద్రం పడక ముఖం పాలిపోయి ఉంది. మంచినీళ్లు తాగి, నోరు తుడుచుకుని అడిగింది.

"పేషెంటేడి పిన్నీ?"

గదిలోకి తీసుకెళ్లాను. అన్న మంచం మీద మేస్త్రి పడుకుని ఉన్నాడు, పైన కొక్కేనికి సెలైను సంచి వేలాడుతోంది.

ఆమె ఆశ్చర్యపోలేదు. మంచం మీద కూర్చుని, చేతులు రుద్దుకుని వెచ్చజేసుకుని, వాడి మెడ మీద చర్మం ఎత్తి వదిలింది. పెదవి తీసి చిగుళ్లు చూసింది.

"సెలైను బాగా ఎక్కిత్తన్నావు. లేకపోతే ఈపాటికే పోయేవోడు."

"నీకెప్పుడు తెలిసింది?"

"వంద అన్నప్పుడు. వంద మిల్లీలీటర్లు ఏ మనిషికి సరిపోద్ది? మెడ ఎనక అన్నావు. పెదాలు నాక్కుంటన్నాడు అన్నావు. మాయమ్మ మూడు పిల్లుల్ని పెంచింది పిన్నీ. రెండు ఇలాగే పోనాయి."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

ఆమె వాడి చెవి వెనక గోకుతూ జవాబిచ్చింది.

"మీ పదిహేడో మర నుంచి ఏడాది పైన మాటన్నది లేదు. అంకెలే. ఇద్దరుండి ఒక్కరూ మాటాడరేటని మాలో మేం అనుకునేవోలం. ఆ రోజు నువ్వు మాటాడినావు. నాను బయటపెడితే మల్లీ మాటాడవు కదా." నాకేసి తిరిగి అడిగింది. "కోదండం బాబాయి ఎప్పుడు పోనారు?"

చెప్పాను. టీ గ్లాసు, దుప్పటి, మూడో రోజు. పదిహేను నెలల తరువాత, మొదటిసారి నోటితో చెప్పాను. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసింది, అయినా ఆపుకోలేదు. నెత్తళ్ల సంగతి కూడా చెప్పాను, వాణ్ణి నేనే చంపుతున్నానని.

"ఉప్పు కొంత చేసుంటాది. మంచిదైతే కాదు. గానీ పదిహేనేల్లు పిన్నీ. పిల్లులకి ముందు పోయేవి ఇవే." అబద్ధం చెప్పి ఓదార్చలేదు, అందుకు ఆమె మీద గౌరవం కలిగింది. "ఎక్కువ కాలం ఉండడు. నెల, రెండు నెల్లు. తింతే ఉంటాడు."

తరువాత కాగితాలు తీసింది. మూడింటికి పడవ తిరగాలి. రోగిని తెచ్చాం, రోగికి నయమైంది, రోగి లేడు, ఈ మూడింట్లో ఒకటి రాయాలట. మొదటి రెంటికీ మందుల పెట్టె అన్న రక్తం అడుగుతుంది.

"పేరు కొట్టెయ్యి పిన్నీ. అది నువ్వే చెయ్యాల."

"కొట్టేస్తే వీడి పళ్లెం?"

మర ఎక్కిన నర్సు ఉన్నవాళ్లందరినీ చూసి వెళ్లాలి కాబట్టి నా జబ్బకు పట్టీ చుట్టింది. అంకె చూసి మళ్లీ చుట్టింది.

"నూట ఎనభై. నీకు బీపీ ఉన్నాదని తెల్సా? నీ పళ్లెంలో ఉప్పు తగ్గించాల."

అప్పుడు తట్టింది. అంతవరకూ తట్టకపోవడానికి కారణం ఒక్కటే, ఆవకాయ.

"తగ్గించడం కాదు. అసల్లేకుండా రాయి. అన్నకి రాసిన పళ్లెమే నాకు రాయి."

"అదా? ఆ సప్పిడి కూడు నువ్వు తినలేవు. ఆకలి తీరదు."

"పెద్ద పళ్లెం రాయి. తింటాను."

ఆమె నన్నూ, మంచం మీద వాణ్ణీ చూసింది. రాసింది. సెలైను తన పెట్టెలో ఉన్నదంతా బల్ల మీద పెట్టింది. వాడుక తేదీ దాటబోతున్నవి, తిరిగి మోసుకెళ్లడం దండగ అంది. మూడింటికి ముందు నేను వెళ్లి ఎర్ర మీట నొక్కాను. గట్టిగా ఉంటుందనుకున్నాను, మామూలు మీటలాగే దిగింది. గోడ అన్న పేరు ఒకసారి పూర్తిగా చదివి, తీసేసింది. ఎండాకాలంలో కొత్త జతమనిషి వస్తారని కూడా చెప్పింది. వస్తే రానీ. మంచం అప్పటిదాకా మేస్త్రిది.

బుట్ట ఎక్కబోతూ తవిటేశ్వరి ఆవకాయ డబ్బా అడిగింది, ఎదురుగా ఉంటే నేను ఆగనని. ఇచ్చేశాను.

డిసెంబరు 23

గాలి ఉత్తరం, తక్కువ. ఆరింటికి గోడ అడిగింది. "ఒక్కరున్నారా?" ఉన్నానని నొక్కాను. నిజం చెబితే చెయ్యి ఇంత తేలిగ్గా ఉంటుందని మరిచిపోయాను.

వంటపెట్టె ఒక్క పళ్లెం తోసింది. ఆ చప్పుడు ఒక్కసారే రావడం విని కాసేపు రెండోదాని కోసం నిలబడిపోయాను. మేస్త్రిని ఎత్తి అన్న కుర్చీలో కూర్చోబెట్టాను, నేను నా కుర్చీలో కూర్చున్నాను. ఇనపమెట్ల మీదికి పోలేదు. వాడి వాటా గిన్నెలోకి తీసి, మెదిపి, వెచ్చదనం చూసి ముందు పెట్టాను. వాడు వాసన చూసి నేల గోకబోయాడు. నేల అందలేదు, కుర్చీ గోకాడు.

నేను తినడం మొదలుపెట్టాను. పొట్లకాయ నోట్లో పెట్టుకుంటే నాలుకకు ఏమీ తెలియలేదు, తడి తప్ప. మింగలేక వాడికేసి చూశాను. వాడు నాకేసి చూస్తున్నాడు. ఈ తిండి తిండి కాదని నెలన్నరగా వాడు నాకు చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు. నేను రెండో ముద్ద పెట్టుకున్నాను. వాడు తల వంచి నాకడం మొదలుపెట్టాడు. నేను ఆపితే ఆపాడు, తింటే తిన్నాడు. అలా పళ్లెం ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాం.

తొమ్మిదింటికి గోడ మోగింది.

"ఏటి తిన్నారు పిన్నీ?"

"పొట్లకాయ," అన్నాను. "ఇద్దరం తిన్నాం."